చలికి తట్టుకునే మొక్కే.. మరి తాండూరు సున్నపు నేలకో?

వికారాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల గేట్ల ముందు, సీసాలు కడిగే ఎర్ర బ్రష్షులు వేలాడదీసినట్టు పూసే చెట్టును మీరు చూసే ఉంటారు. దాని పేరే బాటిల్ బ్రష్. పట్నం వాళ్లు అందానికి పెట్టుకున్నారు. వాళ్ల జాగా, వాళ్ల ఇష్టం. కానీ ఈ మధ్య మన సన్నకారు రైతులు కూడా దీని గురించి అడుగుతున్నారు. "గెట్టు మీద వరసగా పెడితే ఎట్లుంటది సారూ? మేకలు ముట్టవంట, చలికి కూడా ఆగుతదంట కదా" అని. ఫోన్లో ఏదో వీడియో చూసినవారు కొందరు, నర్సరీలో చెప్పిన మాట నమ్మినవారు కొందరు. రెండెకరాల రైతుకు గెట్టు మీద జాగా కూడా ఆస్తే. దాన్ని దేనికి ఇస్తున్నామో చూసుకోవాలి కనుక ఈ మొక్క సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

మొదట ఆ చలి మాట. బాటిల్ బ్రష్ ఆస్ట్రేలియా మొక్క. అందులో చాలా రకాలున్నాయి. ఆ దేశంలో మంచు కురిసే కొండల మీద పెరిగే రకం కూడా ఒకటి ఉంది. చలి దేశాల తోటమాలులకు మొక్క మంచుకు చస్తుందా బతుకుతుందా అన్నదే మొదటి ప్రశ్న. అందుకే అక్కడి నర్సరీల వాళ్లు "చలికి తట్టుకునే రకం" అని చీటీ కట్టి అమ్ముతారు. ఆ చీటీ మనకెందుకు? వికారాబాద్ ఎత్తు మీద ఉన్న ఊరు, సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైనే. పుష్యమాసంలో కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతుంది, తెల్లారేసరికి చేతులు కొంకర్లు పోతాయి. నిజమే. అయినా నీళ్లు గడ్డ కట్టే చలి కాదు గదా! మామూలు బాటిల్ బ్రష్ ఏదైనా మన చలికి ఇబ్బంది లేకుండా నిలుస్తుంది. కాబట్టి చలికి తట్టుకునే ప్రత్యేక రకమని ఎవరైనా పది రూపాయలు ఎక్కువడిగితే ఇవ్వకండి. మన దగ్గర మొక్కకు పరీక్ష పెట్టేది డిసెంబరు కాదు, ఏప్రిల్, మే నెలలు. అంతకంటే పెద్ద పరీక్ష పెట్టేది కింద ఉన్న నేల.

దీని పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికేది కొమ్మలు కిందికి వాలే రకం. అది ఆస్ట్రేలియా తూర్పు వైపున వాగుల ఒడ్డున పెరిగేది. నిటారుగా పెరిగే ఇంకో రకం కూడా తడి నేలల్లోదే. అంటే ఇది మన తంగేడు లాగా, రేగు లాగా మెట్టలో పుట్టి మెట్టలో పెరిగిన మొక్క కాదు. వేళ్లు పట్టాక కొంత ఎండను ఓర్చుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నీళ్లు దొరికితే సంతోషంగా తాగే చెట్టు. జామ, నేరేడు, నీలగిరి.. ఇవన్నీ దీని చుట్టాలే, ఒకే కుటుంబం. ఆకు నలిపి వాసన చూడండి, నీలగిరి చుట్టరికం తెలిసిపోతుంది. మేకలు దీని జోలికి పెద్దగా రాకపోవడానికి ఆ నూనె వాసనే కారణం.

ఇక నేల సంగతి. ఈ మాట చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

వికారాబాద్ నుంచి తాండూరుకు సుమారు 40 కిలోమీటర్లు. ఈ కాస్త దూరంలోనే నేల పూర్తిగా మారిపోతుంది. వికారాబాద్, మర్పల్లి, మోమిన్‌పేట వైపు ఎర్ర జేగురు నేలలు, మొరం. నీరు నిలవదు, సున్నం తక్కువ. కాస్త పుల్లదనం వైపు మొగ్గే నేలలు కూడా ఉన్నాయి. అదే తాండూరు, బషీరాబాద్, యాలాల వైపు పోతే నల్లరేగడి. కింద అంతా నాపరాయి. మన ఇండ్లలో పరిచే తాండూరు బండలు ఏ రాయో మీకు తెలుసు, అది సున్నపురాయి జాతిదే. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది కూడా ఆ సున్నం కోసమే. ఆ రాయి మీద తయారైన నేలలో సున్నం ఉండక ఏం చేస్తుంది? దుక్కిలో తెల్లటి సున్నపు గుల్లలు పైకి తేలే చెలకలు మీకు లేవా?

తాండూరు కంది ఈ నేలలో పండే పేరు తెచ్చుకుంది. 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కందికి ఈ నేల కలిసొచ్చింది. బాటిల్ బ్రష్‌కు మాత్రం ఇదే నేల గిట్టదు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా లేనట్టే. అది వేరు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. కొన్ని మొక్కలు తమ వేళ్ల నుంచి పులుపును వదిలి ఆ ఇనుమును కరిగించి తాగగలవు. బాటిల్ బ్రష్‌కు ఆ శక్తి తక్కువ. అందుకే చిగురు ఆకులు పసుపుపచ్చగా వస్తాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, మధ్యభాగం పాలిపోతుంది. ముదిరితే ఆకు తెల్లబారి అంచులు మాడతాయి. చెట్టు చావదు, ఎదగదు, పూత పలచబడుతుంది. అట్లా ఏండ్ల తరబడి ఈసురోమంటూ నిలబడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆకు పచ్చబడింది అనగానే చేతిలోకి యూరియా వస్తుంది. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు పసుపెక్కుతాయి. ఇనుము అందకపోతే ముందు పైచిగురు పసుపెక్కుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే బాటిల్ బ్రష్‌కే కాదు, మీ పల్లి చేనుకు, బత్తాయి తోటకు కూడా పనికొస్తుంది. ఎన్ని పిడికిళ్ల యూరియా వేసినా ఆ చిగురు పచ్చబడదు. డీఏపీ గుప్పించారంటే భాస్వరం ఎక్కువై ఇనుము ఇంకా ముడుచుకుంటుంది. కొందరు జిప్సం వేయమంటారు. జిప్సం చౌడు నేలకు మందు. సున్నపు నేల వేరు, చౌడు వేరు. ఉన్న సున్నాన్ని జిప్సం తీసేయదు.

మరి మందే లేదా అంటే ఉంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, పొద్దు వాలాక చిగురు తడిసేలా చల్లాలి. పది రోజులకోసారి రెండు మూడు సార్లు చల్లితే ఆ ఆకులు పచ్చబడతాయి. మళ్లీ కొత్త చిగురు వచ్చేసరికి కథ మొదటికే. పల్లికో, బత్తాయికో ఈ ఖర్చు పెడితే దానికో లెక్క ఉంది, పంట చేతికొస్తుంది. కాయ కాయని, పశువు తినని చెట్టుకు ఏటేటా మందు కొట్టుకుంటూ కూర్చోవడానికి మనమేమన్నా జమీందార్లమా?

"గుంత పెద్దగా తవ్వి ఎర్రమట్టి తెచ్చి నింపితే?" అని ఒక ప్రశ్న వస్తుంది. రెండేండ్లు బాగుంటుంది. గుంతలో ఎర్రమట్టి ఉన్నంత సేపు మొక్క కళకళలాడుతుంది. ఆ తర్వాత వేరు గుంత దాటి పక్క నేలలోకి పోతుంది, అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. పైగా తాండూరు వైపు చాలా బోర్ల నీటిలోనే సున్నం ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతోందా, అదే. ఆ నీళ్లే పోస్తే ఎర్రమట్టి కూడా కొన్నేండ్లకు సున్నం పడుతుంది. బండల పాలిషింగ్ యూనిట్ల పక్కన ఉన్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. అక్కడి నుంచి వచ్చే బూడిదరంగు బురద అంటే సున్నపురాయి పిండే. పుణ్యానికి వస్తుందని గుంతల్లో, పాదుల్లో నింపకండి. బాటిల్ బ్రష్ సంగతి అటుంచండి, జామ మొక్కకైనా అది మంచిది కాదు.

మీ నేలలో సున్నం ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, ఆరబెట్టి, పింగాణీ సాసరులో వేసి, దాని మీద చిక్కటి నిమ్మరసం పిండండి. చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినిపించినా, సన్న బుడగలు లేచినా సున్నం ఉన్నట్టే. తెల్ల గుల్ల ఒకటి దొరికితే దాని మీద పిండి చూడండి, ఇంకా బాగా తెలుస్తుంది. సరిగ్గా కావాలంటే భూసార పరీక్ష చేయించుకోవాలి. ఆ పత్రంలో ఉదజని సూచిక, అంటే పీహెచ్ అని రాసి ఉంటుంది. అది 6 నుంచి 7 మధ్య ఉంటే బాటిల్ బ్రష్‌కు సుఖం. 8 దాటితే ఆ ఆలోచన మానుకోండి. ఊరంతా ఒకే నేల ఉండదు. ఒకే రైతుకు ఊరికి ఈ పక్క ఎర్రచెలక, ఆ పక్క రేగడి ఉంటాయి. కాబట్టి పక్కింటాయన చెట్టును చూసి కాదు, మీ మట్టిని చూసి నిర్ణయించుకోండి.

ఇప్పుడు గెట్టు ప్రశ్నకు వద్దాం. నేల ఎర్రదే, మొక్క బాగా వస్తుంది అనుకుందాం. అయినా గెట్టు మీద వరసగా వద్దనే నా సలహా. రెండెకరాల చేను చదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత సుమారు 360 మీటర్లు. మూడు మీటర్లకొకటి పెడితే 120 చెట్లు. ఈ చెట్టు 4, 5 మీటర్లు పెరుగుతుంది, వాలుకొమ్మల రకమైతే ఇంకా పైకి. దాని పీచువేళ్లు పైపొరలోనే పరుచుకుంటాయి. అంటే చేనులో చివరి నాలుగైదు సాళ్ల కందికి, జొన్నకు అందాల్సిన తేమ ఇది తాగుతుంది, పొద్దున సాయంత్రం నీడ కూడా పడుతుంది. పక్క చేను వాళ్లతో తగాదా అదనం. సర్లే, పోయినదానికి బదులు ఏమైనా ఇస్తుందా? కాయ లేదు. మేత లేదు. ఆకు ఎరువుకు అక్కరకు రాదు, నూనె వల్ల త్వరగా మురగదు. కట్టె పొయ్యిలోకి వస్తుంది, అంతే.

అదే గెట్టు మీద గ్లైరిసిడియా పెట్టారనుకోండి. తొలకరిలో కొమ్మ నరికి గుచ్చితే వస్తుంది, కొనే పని లేదు. ఏడాదికి రెండు మూడు సార్లు నరికి ఆకు చేనులో వేస్తే నత్రజని ఇంట్లోనే దొరికినట్టు. మెట్ట రైతులకు గెట్ల మీద దీన్నే పెట్టమని హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, మనం క్రీడా అనే సంస్థ, ఎన్నో ఏండ్లుగా చెబుతోంది. అయితే నరక్కుండా వదిలేస్తే అదీ చెట్టై నీడ పడుతుంది, ఆ మాట కూడా చెప్పాలి. తాండూరు వైపు సున్నపు నేలకు కానుగ, సీతాఫలం, రేగు, చింత ఆగుతాయి. పువ్వే కావాలంటారా? తంగేడు ఉండనే ఉంది. మేకలు దాన్నీ ముట్టవు. నీళ్లడగదు, సున్నానికి భయపడదు, బతుకమ్మ నాటికి బంగారంలా పూస్తుంది. ఊరి పక్కన ఊరికే మొలుస్తుంది కాబట్టి దానికి విలువ లేకుండా పోయింది, అంతే తేడా. బాటిల్ బ్రష్ కుటుంబంలోనిదే కావాలంటే ఎర్రనేల వాళ్లు జామ, నేరేడు పెట్టుకోండి, పిల్లలు తింటారు.

ఇంత చెప్పానని బాటిల్ బ్రష్ మీద నాకు కోపమేమీ లేదు. వికారాబాద్ వైపు ఎర్రనేలలో, ఇంటి ముందో, బోరు గోలెం పక్కనో ఒకటి రెండు చెట్లు ఉంటే మంచిదే. మంచిదనడానికి కారణం తేనెటీగ. ఆ ఎర్రగా కనిపించేవి రేకులు కావు, కేసరాలు. వాటి అడుగున తేనె పుష్కలంగా ఉంటుంది. పొద్దున్నే చూడండి, తేనెపిట్టలు, ఈగలు ముసురుతుంటాయి. మాఘం దాటి కంది కోతలయ్యాక చేలన్నీ బోసిపోతాయి. మోదుగ, కానుగ, వేప పూసినప్పుడు ఈగలకు కొంత ఆదరువు. ఆ వరసలో ఎండకాలం మొదట్లో పూసే ఈ చెట్టు కూడా ఒకటి. కందికి ఈగ రాకపోయినా కాయ కడుతుంది. కానీ దోస, సొర, బీర, గుమ్మడి వేసే రైతుకు ఈగ లేకపోతే పిందె నిలవదు. ఎండకాలం కూరగాయలు వేసే మోమిన్‌పేట, నవాబుపేట వైపు వాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. ఈగల కోసం చెట్టు పెట్టి, పూత మీద ఉన్న తోటకు పట్టపగలు పురుగుమందు కొడితే మాత్రం పెట్టీ లాభం లేదు. కొట్టక తప్పకపోతే పొద్దుగూకాక కొట్టండి.

పెట్టే పద్ధతి తేలికే. మిరుగు వానలు రెండు పడ్డాక అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, తీసిన మట్టిలోనే ఒక తట్ట చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. ఎరువులు అంతకంటే పెద్దగా అక్కర్లేదు. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు సంచిలో ఎక్కువ కాలం ఉండి వేళ్లు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. సంచి కోసి చూసి, చుట్టుకున్న వేళ్లను వేలితో విడదీసి మరీ పెట్టండి, లేకపోతే మూడో ఏట గాలికి ఒరిగిపోతుంది. మొదటి రెండు ఎండకాలాలు వారానికోసారి బాగా తడపాలి. పాదులో కంది పొట్టో, ఎండుటాకో కప్పితే తేమ నిలుస్తుంది. నీరు కొంచెం నిలిచినా చావదు కాబట్టి కాలువ పక్కనైనా సరే. బట్టలుతికిన సబ్బునీళ్లు మాత్రం రోజూ పోయకండి, సబ్బు పొడి కూడా సున్నం చేసే పనే చేస్తుంది.

కత్తిరింపు దగ్గర చాలామంది చెట్టు పాడుచేస్తారు. ఈ చెట్టు విచిత్రం ఏమిటంటే పూల కంకి చివర నుంచే మళ్లీ ఆకుల కొమ్మ సాగుతుంది. పాత కంకి జాగాలో గింజల గుండ్లు పూసల్లా కొమ్మకు అతుక్కొని ఏండ్ల తరబడి ఉంటాయి. పూత ఎండిన వెంటనే ఆ కంకి కింది వరకు కత్తిరిస్తే పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది, మరుసటి పూత రెట్టింపవుతుంది. నీటి వసతి లేక ఎండ ముదిరిపోతే తొలకరి దాకా ఆగండి. చలికాలంలో కత్తిరించారంటే వచ్చే పూత మొగ్గలన్నీ నేల పాలైనట్టే. ఆకుల్లేని మోటు కొమ్మ దాకా నరకడం కూడా మంచిది కాదు.

బోరు, కాస్త నీడ ఉన్నవారు రెండు మూడు గుంటల్లో మొక్కలు పెంచి ఫామ్‌హౌస్‌ల వాళ్లకు అమ్ముకోవచ్చు కదా అన్నది కొందరు యువకుల ఆలోచన. తప్పేం లేదు. గింజ దుమ్ములా ఉంటుంది, మొలుస్తుంది కూడా, కానీ పూతకు రావడానికి ఏండ్లు పడుతుంది, తల్లి చెట్టు పోలిక రాదు. కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. వానాకాలంలో అర ముదురు కొమ్మను జానెడు పొడవు కోసి, కింది ఆకులు తీసి, వేరు పుట్టించే పొడిలో ముంచి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, పైన పాలిథిన్ కప్పి నీడలో ఉంచాలి. అన్నీ రావు, ఆ నష్టం ముందే లెక్కేసుకోండి. కొనేవాడు ఎవరో తెలియకుండా వెయ్యి సంచులు నింపొద్దు. కొనేవాడు తాండూరు వైపు వాడైతే సున్నం మాట ముందే చెప్పి అమ్మండి, మరుసటి ఏడు ముఖం చాటేసుకునే అవసరం రాదు.

చివరిగా పంచాయతీ నర్సరీల సంగతి. 2015లో హరితహారం మొదలైంది, ఇప్పుడు వనమహోత్సవం అంటున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి ఊరికీ నర్సరీ ఉండాలంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది. మంచి మాటే. కానీ బతకడం ఒక్కటే లెక్క అయినప్పుడు, మేక ముట్టని, త్వరగా పచ్చగా కనిపించే పరాయి మొక్కల మీదికే అందరి చూపు పోతుంది. కోనోకార్పస్ అట్లాగే రోడ్ల నిండా వచ్చింది. తర్వాత 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బాటిల్ బ్రష్ దానంత చెడ్డది కాదు, కానీ గెట్టుకు అక్కరకు రాని మొక్కను లెక్క కోసం ఇస్తే రైతు తీసుకుపోయి ఏం చేసుకోవాలి? తాండూరు, బషీరాబాద్ ఊర్ల నర్సరీల్లో కానుగ, సీతాఫలం, చింత పెంచమనండి. వికారాబాద్ వైపు నేరేడు, జామ అడగండి. మొక్కలు పంచేది వానాకాలంలోనే అయినా సంచులు నింపి విత్తనం వేసేది అంతకు ముందు చలికాలంలో. ఏ మొక్క ఎన్ని పెంచాలో రాసుకునేది కూడా అప్పుడే. జూలైలో ట్రాక్టరు వచ్చాక అడిగితే ఉన్నవే ఇస్తారు. దసరా దాటగానే నలుగురు కలిసి పంచాయతీకి పోయి, మీ పేరు మీద ఏ మొక్కలు ఎన్ని కావాలో రాయించి రండి.